చాపర్ సైకిలుకు మోటారు పెట్టాక వచ్చే సమస్యలు - పరిష్కారాలు

ఫోర్కును (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ భాగాన్ని) పొడవు చేసి, ముందుకు వాల్చి కట్టిన సైకిలును చాపర్ అంటారు. దానికి మోటారు బిగించిన తర్వాత ఏ ఇబ్బంది వచ్చినా నెపం ముందుగా కంట్రోలర్ (మోటారుకు కరెంటును అదుపు చేసి పంపే పెట్టె) మీదికో, బ్యాటరీ మీదికో పోతుంది. ఈ బండిలో చాలా లోపాలు ఇనుములో పుట్టి కరెంటులో బయటపడతాయి. అందువల్ల ఇక్కడ ముందుగా ఫోర్కు, అతుకులు, ఇరుసు గురించి చెప్పి, ఆ తర్వాతనే మల్టీమీటరు జోలికి వెళ్తున్నాను. లెక్కలన్నీ 26 అంగుళాల ముందు చక్రం, 20 అంగుళాల వెనుక చక్రం, అందులో 36 వోల్టుల 250 వాట్ల హబ్ మోటారు (చక్రం నడిమధ్యనే ఇమిడి ఉండే మోటారు) ఉన్న బండికి వేసినవి.

పెట్రోలు ఇంజను కిట్లను వదిలిపెట్టడానికి చట్టమే కారణం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షను ప్రకారం, నాలుగు కంటే తక్కువ చక్రాలు ఉన్న బండి ఇంజను 25 సీసీ మించకపోతేనే అది మోటారు వాహనం కాదు. 49, 66, 80 సీసీ కిట్లన్నీ ఆ గీత దాటినవే. విద్యుత్తు బండికి 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగం అనే పరిమితులతో పాటు పరీక్షా సంస్థ ధ్రువీకరణ కూడా ఉండాలని నియమాలు చెబుతున్నాయి కనుక, ఇంట్లో కట్టుకున్న బండిని రోడ్డెక్కించే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది.

నెమ్మదిగా పోతుంటే హ్యాండిల్ తనంతట తానే పక్కకు వాలుతోంది

టవర్ క్లాక్ దగ్గర రద్దీలో నడక వేగంతో పోతున్నప్పుడు హ్యాండిల్ ఏదో ఒక వైపు బరువుగా పడిపోతుంటే, అది మీ చేతి పట్టులో లోపం కాదు, ఫోర్కు వాలు లోపం. హ్యాండిల్ తిరిగే గొట్టం నేలతో చేసే కోణం మామూలు సైకిలులో 70 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ గొట్టం గీతను నేల దాకా పొడిగిస్తే తగిలే చోటుకూ, టైరు నేలను తాకే చోటుకూ మధ్య దూరాన్ని ట్రెయిల్ అంటారు. చక్రం వ్యాసార్ధం 340 మి.మీ., ఇరుసు ముందుకు జరిగి ఉన్న దూరం 45 మి.మీ. అనుకుంటే, 70 డిగ్రీల దగ్గర ట్రెయిల్ 76 మి.మీ. వస్తుంది. అదే ఫోర్కును 55 డిగ్రీలకు వాల్చి మిగతావన్నీ అలాగే ఉంచితే అది 183 మి.మీ. అవుతుంది. హ్యాండిల్‌ను పక్కకు లాగే గుణం ట్రెయిల్‌తో పాటు వాలు మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి, ఆ లాగుడు మూడున్నర రెట్లు పెరుగుతుంది.

కొలవడానికి పెద్ద సరంజామా అక్కరలేదు. బండిని మట్టంగా ఉన్న గచ్చు మీద నిటారుగా నిలబెట్టి, హ్యాండిల్ గొట్టం పక్కన ఒక పొడవైన తిన్నని కడ్డీని ఆనించి అది నేలను తాకే చోట సుద్దతో గుర్తు పెట్టాలి; ముందు ఇరుసు నడిమధ్య నుంచి తాపీమేస్త్రీ తూకం గుండును వేలాడదీసి అక్కడ ఇంకో గుర్తు పెట్టాలి. రెండు గుర్తుల మధ్య దూరమే ట్రెయిల్.

అది 130 మి.మీ. దాటితే తగ్గించుకోవడమే మేలని నా అభిప్రాయం. దానికి మంచి దారి ఫోర్కు కాళ్ళను హ్యాండిల్ గొట్టం కంటే ముందుకు జరిపి పట్టే క్లాంపు ప్లేట్లు చేయించుకోవడం: పై ఉదాహరణలో ఇరుసు జరుగుడు 45 నుంచి 100 మి.మీ.కు పెరిగితే ట్రెయిల్ 116 మి.మీ.కు దిగుతుంది, చాపర్ రూపం కూడా చెడదు. ఫ్రేమును కోయకుండా ఫోర్కును మాత్రమే పొడిగించిన వారు ఇంకో విషయం గమనించాలి. ప్రతి 100 మి.మీ. పొడిగింపుకు బండి మొత్తం దాదాపు 5 డిగ్రీలు వెనక్కు వాలుతుంది. సీటు, పెడళ్ళ ఇరుసు కూడా దానితో పాటే లేస్తాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోవడానికి అసలు కారణం ఇదే, మోటారు బలం కాదు.

వేగం 20 దాటాక బండి మొత్తం పాములా ఊగుతుంటే అది వేరే జబ్బు. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ కదుపుతూ హ్యాండిల్ గొట్టం అడుగున బేరింగు గోలీలు కూర్చునే కింది కప్పు మీద వేలు పెడితే, గోలీలు వదులైన సంగతి వేలికే తెలుస్తుంది. కప్పు బిగించాక కూడా ఊగితే వెనుక ఇరుసును, చువ్వలను చూడాలి. ఆషాఢపు గాలిలో పొడవాటి బండి కాస్త పక్కకు నెట్టుకుపోవడం మాత్రం సహజం, దానికి మరమ్మతు లేదు.

ఫోర్కు వంగింది, లేదా అతుకు దగ్గర రంగు చిట్లింది

ఈ ఒక్క లోపాన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకూడదు. ముందు చక్రం మీద అంతే బరువు ఉన్నా, 400 మి.మీ. ఫోర్కు 700 మి.మీ. అయి, 70 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు వాలినప్పుడు కింది కప్పు దగ్గర వంచే బలం సుమారు మూడు రెట్లవుతుంది. రెండు గొట్టాలను ఎదురెదురుగా పెట్టి చుట్టూ వెల్డింగ్ కొట్టిన అతుకు సరిగ్గా అక్కడే ఉంటే అది విరిగే రోజు కోసం ఎదురుచూస్తున్నట్టే.

పగులు ఉందా లేదా అన్నది కంటితో తేల్చడం కష్టం. అతుకు దగ్గర రంగును గీకి, కిరసనాయిలు పూసి ఓ పావుగంట ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, మెత్తగా నూరిన సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే లోపల దాగిన కిరసనాయిలు పైకి ఊరి, తెల్లని పొడి మీద వెంట్రుకవాసి తడి గీతగా కనిపిస్తుంది. గీత కనిపిస్తే దాని మీద మళ్ళీ వెల్డింగ్ పూయడం పరిష్కారం కాదు. ఆ ముక్కను కోసి తీసేయాలి.

కొత్త అతుకుకు గొట్టం లోపల బిగుతుగా దిగే స్లీవు వేయాలి. లేత్ మీద తిప్పించిన స్లీవు అతుకుకు రెండు వైపులా గొట్టం వ్యాసానికి రెండింతలైనా లోపలికి పోవాలి. గొట్టానికి పక్కన రంధ్రాలు వేసి ఆ రంధ్రాల గుండా కూడా స్లీవును వెల్డింగ్‌తో పట్టించాలి. గొట్టం గోడ 2 మి.మీ.కు తగ్గకూడదు. నీళ్ళ పైపు చౌకగా దొరుకుతుందని జీఐ గొట్టం వాడేవారున్నారు: దాని మీది జింకు పూతను పూర్తిగా గీకకుండా వెల్డింగ్ చేస్తే అతుకులో బుడగలు పడతాయి, పైగా ఆ పొగ పీల్చిన మనిషికి జ్వరం వస్తుంది.

వెల్డింగ్ వేడికి కాళ్ళు మెలిపడ్డాయేమో చూసుకోవడానికి మన జిల్లాల్లో ఉన్నంత సదుపాయం ఇంకెక్కడా లేదు. పాలిషు పట్టిన కడప బండ ఒకటి మట్టంగా పరిచి, ఫోర్కును దాని మీద పడుకోబెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కితే చాలు. ఏ మూలైనా టకటకమని ఆడితే కాలు మెలిపడిందన్నమాట. ఆ సందులో పోస్టుకార్డు దూరేటంత తేడా ఉన్నా సరిచేయించాల్సిందే, ఎందుకంటే పొడవు ఫోర్కులో పైన ఉన్న చిన్న మెలి చక్రం దగ్గరికి వచ్చేసరికి పెద్దదవుతుంది.

మోటారు "టక్" మని చప్పుడు చేసి ఆగిపోయింది, తీగ ఇరుసుకు చుట్టుకుంది

హబ్ మోటారులో ఇరుసు తిరగకూడదు, చక్రమే తిరగాలి. ఇరుసు 12 మి.మీ. లావుండి, రెండు పక్కలా చెక్కి 10 మి.మీ. మందంగా ఉంటుంది. మోటారు 30 న్యూటన్ మీటర్ల మెలితిప్పే బలాన్ని ఇస్తే, ఆ 10 మి.మీ. ఎడంలో ఉన్న అంచుల మీద ఒక్కొక్క చోట దాదాపు 300 కిలోల ఒత్తిడి పడుతుంది. చాపర్ కోసం మనం కోసి పెట్టిన పలుచని ప్లేటులో ఇరుసు కూర్చునే గాడి కొంచెం సాగినా ఇరుసు అందులో గిర్రున తిరిగి, తీగను మెలితిప్పి తెంపేస్తుంది. చాలామంది ఇక్కడ మోటారు కాలిపోయిందని పారేస్తారు.

తీగను అతికించే ముందు గాడిని చూడండి. అంచులు గుండ్రమై మెరుస్తుంటే 6 మి.మీ. ఇనుప పట్టీలో 10 మి.మీ. గాడిని ఆకురాయితో అరగదీసి, ఇరుసు మీద సుత్తి పిడితో తట్టితే తప్ప దిగనంత బిగువుగా చేసి, రెండో కొసను ఫ్రేముకు బోల్టుతో పట్టించాలి. రెండు వైపులా వేయడం ఉత్తమం. నట్టును ఎంత గట్టిగా బిగించినా అది ఈ పట్టీ పని చేయదు.

వెనుక చువ్వలు తరచుగా తెగడానికి కూడా ఇనుమే కారణం. చాపర్‌లో మనిషి బరువు వెనుక చక్రం మీదికి జరుగుతుంది. చిన్న రిమ్ము, పెద్ద హబ్బు కావడంతో మూడు అల్లికలు వేస్తే (అంటే ఒక్కో చువ్వ మూడు చువ్వలను దాటి పోయేలా అల్లితే) చువ్వ నిపుల్ (రిమ్ములో చువ్వను పట్టే చిన్న నట్టు) దగ్గర వంగి పడుతుంది. 12 గేజి చువ్వలతో ఒకే అల్లిక వేయించండి.

యాక్సిలరేటర్ తిప్పితే అసలు కదలదు, లేదా వణికి ఆగుతుంది

అసలు కదలకపోతే ముందు బ్రేకు పిడిలోని కటాఫ్ స్విచ్చు (బ్రేకు పట్టగానే మోటారును ఆపే స్విచ్చు) కనెక్టరును ఊడదీయండి. పొడవాటి హ్యాండిల్ కోసం కేబులును లాగి కట్టినప్పుడు పిడి పూర్తిగా వెనక్కు రాక, స్విచ్చు ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. అదీ కాకపోతే యాక్సిలరేటర్ సిగ్నల్ తీగను కొలవాలి: వదిలినప్పుడు 1 వోల్టుకు దగ్గరగా, పూర్తిగా తిప్పినప్పుడు 3.5 నుంచి 4.2 వోల్టుల మధ్య ఉండాలి.

వణుకుతూ గరగరమంటుంటే హాల్ సెన్సార్ల (మోటారు ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేవి) వైపు చూడాలి. సెన్సారు ఎరుపు, నలుపు తీగల మధ్య 5 వోల్టులకు దగ్గరగా ఉందని చూసుకుని, నలుపు మీద మల్టీమీటరు ముల్లు ఒకటి పెట్టి, మిగతా మూడింటిని ఒక్కొక్కటిగా కొలుస్తూ చక్రాన్ని మెల్లగా తిప్పితే, ప్రతిదీ సున్నాకూ 5కూ మధ్య మారుతూ ఉండాలి. గేర్లున్న హబ్బులో చక్రాన్ని వెనక్కు తిప్పాలి. ముందుకు తిప్పితే లోపలి మోటారు కదలదు, బాగున్న సెన్సారే పాడైనట్టు కనిపిస్తుంది. ఒక తీగ మారకుండా నిలిచిపోతే, సెన్సారును తిట్టే ముందు కనెక్టరును విప్పి చూడండి: మన ఎర్రమట్టి దుమ్ము, ఒక్క వానకు పట్టిన చిలుము పిన్నుల మీద కనిపిస్తాయి.

కరెంటు తీసేసినా చక్రం మొండికేస్తూ తిరుగుతుంటే మోటారుకు కరెంటు తెచ్చే మూడు లావు ఫేజు తీగలను కంట్రోలర్ నుంచి విడదీయండి. అప్పుడు తేలికైతే కంట్రోలర్ లోపల షార్టు, అప్పటికీ మొండిగానే ఉంటే ఇరుసు దగ్గర తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయి.

ఎత్తు ఎక్కుతుంటే కరెంటు పోతోంది, కాసేపాగితే మళ్ళీ వస్తోంది

బండి, మనిషి కలిసి 110 కిలోలు ఉంటే, వంద మీటర్లకు ఐదు మీటర్లు ఎత్తు పెరిగే రోడ్డును గంటకు 15 కిలోమీటర్లతో ఎక్కడానికి చక్రం దగ్గరే దాదాపు 270 వాట్లు కావాలి. మోటారులో వేడిగా పోయేది కలిపితే బ్యాటరీ 10 ఆంపియర్లు దాటి ఇవ్వాలి. 36 వోల్టుల లిథియం బ్యాటరీ నిండుగా 42 వోల్టులుండి, 30 దగ్గరికి రాగానే ఆగిపోతుంది. ఎక్కుతున్నప్పుడు మీటరు 39 నుంచి ఒక్కసారిగా 31కి పడిపోతే, లోపల ఒక సెల్లు వరుస బలహీనపడింది, లేదా ఎక్కడో మెలితిప్పి టేపు చుట్టిన అతుకు వేడెక్కుతోంది. బండి దిగగానే కనెక్టర్లను ఒక్కొక్కటిగా చేత్తో తాకి చూడండి. చెయ్యి పెట్టలేనంత కాలేదే దొంగ. బ్యాటరీ నుంచి కంట్రోలర్‌కు 2.5 చదరపు మి.మీ. రాగి తీగకు తక్కువ వేయకండి.

అందం కోసం బ్యాటరీని నల్ల రంగు వేసిన ఉత్తుత్తి ట్యాంకులో మూసి పెట్టేవారు, ఏప్రిల్, మే నెలల్లో గాలే 40 డిగ్రీలు దాటుతుందని గుర్తుంచుకోవాలి. లిథియం సెల్లును 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జింగ్ పెట్టకూడదు. ట్యాంకు అడుగున గాలి రంధ్రాలు వేసి, మధ్యాహ్నం వచ్చిన బండిని సాయంత్రం చల్లబడ్డాకే చార్జింగ్‌కు తగిలించాలి.

మాటిమాటికీ పంక్చర్

పల్లేరు కాయ, కంప ముల్లు ఉన్నంత కాలం ఇది తప్పదు. టైరుకూ ట్యూబుకూ మధ్య లైనరు (ముల్లు దిగకుండా అడ్డుపడే పట్టీ) వేస్తే బాగా తగ్గుతుంది. మోటారు చక్రాన్ని విప్పితే ఇరుసు పట్టీలు, తీగలు అన్నీ కదులుతాయి కనుక, ముల్లున్న చోట మాత్రం టైరు అంచును రిమ్ము దాటించి, ట్యూబును సగం బయటికి లాగి అక్కడికక్కడే ప్యాచీ వేయడం మేలు. ట్యూబును లోపలికి తోసే ముందు దూది ఉండను టైరు లోపల చుట్టూ రుద్దండి: విరిగిన ముల్లు మొన వేలికి దొరక్కపోయినా దూదికి పట్టుకుంటుంది.