స్తంభాల షెడ్డు ఎలా వేసుకోవాలి?

వరంగల్ చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో ఒక్క ఈదురుగాలి వీస్తే చాలు, కొందరి షెడ్డు రేకులు పక్కవారి చేలో తేలతాయి. రేకుల మందం గురించి పదిసార్లు బేరమాడేవారు కూడా గోతుల లోతు దగ్గరికి వచ్చేసరికి ‘ఇక చాల్లే’ అనేస్తారు. స్తంభాల షెడ్డుకు అసలు బలం ఆ గోతుల్లోనే ఉంది.

గుంజలు పాతి, దూలాలు వేసి, పైన గడ్డి కప్పిన కొట్టాలు మనకు కొత్త కాదు. అమెరికా రైతులు 1930లలో గుండ్రటి దుంగలు పాతి ఇలాంటివే పెద్దఎత్తున వేసుకున్నారు. ఇప్పుడక్కడ చెదల మందు పట్టించిన చదరపు కలప వాడుతున్నారు. ఎక్కడైనా కిటుకు ఒకటే: కప్పు బరువు, గాలి తాకిడి స్తంభాల మీదుగా నేరుగా నేలలోకి దిగుతాయి, గోడ మోసేది ఏమీ ఉండదు. అందువల్ల చుట్టూ పునాది కందకం తవ్వే పని తప్పుతుంది. నడుమ అడ్డు స్తంభం లేని జాగా దొరుకుతుంది. చేతిలో డబ్బు ఆడకపోతే గోడలు వచ్చే ఏడు పెట్టుకోవచ్చు. నల్లరేగడిలో ఇంకో లాభముంది. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ నేలలో తక్కువ లోతు పునాది మీద కట్టిన పొడవాటి ఇటుక గోడ పగుళ్లిస్తుంది. స్తంభాలకు బిగించిన రేకు గోడ ఆ కదలికను చాలావరకు ఓర్చుకుంటుంది. అయితే ముందుముందు పైన స్లాబు వేద్దామనే ఆలోచన ఉంటే మాత్రం ఈ పద్ధతి జోలికి పోవద్దు.

చోటు, సామాను

వాన నీరు నిలవని మెరక చూసుకోండి. కరెంటు తీగల కింద వద్దు. పశువుల కోసమైతే పొడవు తూర్పు పడమరలుగా ఉంచండి, ఎండ నేరుగా లోపలికి కొట్టదు. పత్తి నింపిన ట్రాలీ లోపలికి రావాలంటే ఎత్తు 12 అడుగులకు తగ్గకూడదు.

స్తంభాలకు చేవ ఉన్న టేకు మంచిదే కానీ ధర భరించలేం. మందు పట్టించని జామాయిల్ దుంగను నేలలో పాతితే చెదలకు విందు పెట్టినట్టే. నా సలహా జింకు పూత ఉన్న ఇనుప పైపు. అది కూడా నేలను తాకే చోటే ముందు తుప్పు పడుతుంది. పశువుల పాకలో మూత్రం తగిలి ఇంకా తొందరగా తినేస్తుంది. అందుకే గోతిలో పోసే కాంక్రీటును, లోపల మొరం పోశాక వచ్చే నేల మట్టానికి అర అడుగు పైకి తెచ్చి, నీరు నిలవకుండా పైభాగాన్ని బయటికి వాలుగా తీర్చాలి.

ముగ్గు పోయడం

30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు షెడ్డు అనుకుందాం. పొడవు వైపున 10 అడుగులకొకటి చొప్పున నాలుగు, రెండు వైపులా కలిపి ఎనిమిది స్తంభాలు. మూలల్లో మేకులు దిగ్గొట్టి దారం కట్టండి. ఎదురెదురు మూలల మధ్య రెండు కొలతలూ 36 అడుగుల మీద అంగుళం లోపే వచ్చి, రెండూ సమానంగా ఉంటే మూలమట్టం కుదిరినట్టు. తేడా వస్తే అప్పుడే సరిచేయండి. ఇక్కడి వంకర పైన రేకుల దగ్గర బయటపడుతుంది.

గోతులు

ఈ పనిలో తొందర పనికిరాదు. గొయ్యి అడుగున్నర చదరం, నాలుగడుగుల లోతు ఉండాలి. నల్లరేగడిలో ఇంకా లోతుకు వెళ్లి, అడుగున గునపంతో పక్కలను కాస్త వెడల్పు చేస్తే కాంక్రీటు గడ్డకట్టాక పైకి ఊడి రాదు. అక్కడ ఎంత లోతు చాలుతుందో ఆ నేల తెలిసిన ఇంజినీరును అడగడం మేలు. పైపు అడుగున రెండు ఇనుప చువ్వలను అడ్డంగా వెల్డింగ్ చేయించండి. ముందు అర అడుగు కాంక్రీటు పరిచి, గట్టిపడ్డాక దాని మీద స్తంభం నిలపాలి. తూకం గుండుతో రెండు వైపుల నుంచీ నిటారుగా ఉందో లేదో చూసి, కర్రలతో ఊతమిచ్చి, ఒక పాలు సిమెంటు, రెండు పాళ్లు ఇసుక, నాలుగు పాళ్లు కంకర కలిపి గొయ్యంతా నింపాలి. కొంతే కాంక్రీటు పోసి, మిగిలిన ఖాళీని తవ్విన మట్టితో పూడ్చేసే మేస్త్రీలున్నారు, దగ్గరుండి చూసుకోండి. గోడలు లేని షెడ్డులో గాలి లోపలికి దూరి కప్పును పైకి ఎత్తుతుంది. నిండా పోసిన గోతిలో ఆరు క్వింటాళ్ల కాంక్రీటు ఉంటుంది, ఆ గాలికి ఎదురు నిలిచేది ఈ బరువే. వారం రోజులు తడపండి. అంతవరకు పైన ఏ బరువూ ఎక్కించవద్దు.

కప్పు

ఎదురెదురు స్తంభాల మీద ట్రస్సు (కప్పును మోసే త్రికోణపు చట్రం), ట్రస్సుల మీద అడ్డంగా పర్లిన్లు (రేకులు బిగించే పట్టీలు). నడుమ వెన్ను రెండడుగులు ఎత్తుగా ఉంటే వాలు సరిపోతుంది. మూలల్లో స్తంభానికీ ట్రస్సుకూ మధ్య ఏటవాలు ఊతాలు పెట్టించండి. వెల్డర్ అవసరం లేదంటాడు, ఒప్పుకోవద్దు. రేకుకు బెజ్జం వేసేటప్పుడు గట్టు మీదే వేయాలి, నీరు పారే కాలువలో వేస్తే తొలి వానకే కారుతుంది. రేకును పర్లిన్‌కు పట్టి ఉంచే కొక్కెం బోల్టుకు పైన నట్టు కింద రబ్బరు వాషర్ తప్పనిసరి.

నేల, గోడలు

లోపల అడుగు మందం మొరం పోసి దిమ్మిస కొట్టించండి. నల్లమట్టితో నింపితే వానాకాలంలో ఉబ్బుతుంది. గోడలు గాలివాన ఎక్కువగా కొట్టే వైపు ముందు పెట్టుకోండి. పత్తి నిల్వ చేస్తే కరెంటు తీగలు పైపుల్లోంచి తీసుకెళ్లి, స్విచ్చు బోర్డు బయట బిగించాలి. తొలి ఈదురుగాలి దాటాక నిచ్చెన వేసుకుని కొక్కేల నట్లు ఒకసారి బిగించుకోండి, కొత్త షెడ్డులో కొన్ని వదులవుతాయి.