సోల్ పాట వినడం నేర్చుకుందాం – 5: గొంతు వెనక ఎవరున్నారు?

సోల్ అంటే అమెరికా నల్లజాతివాళ్ల చర్చి పాటల ఒరవడిలో పెరిగిన సంగీతం. పోయినసారి ఇచ్చిన అభ్యాసం ఎంతవరకు వచ్చింది? సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ 1965లో పాడిన 'ఐవ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్' పెట్టుకుని తొడ మీద నెమ్మదిగా నాలుగు దెబ్బలు వేయమన్నాను, ఒక్కో దెబ్బకీ మనసులో 'తకిట' అనుకోమన్నాను. అది ఇంకా తడబడుతుంటే రెండు రోజులు అక్కడే ఉండండి. తొందరేం లేదు, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి ఒకే ఆల్బమ్. అమెరికన్ సోల్ గాయకుడు సాల్మన్ బర్క్ 2002లో విడుదల చేసిన 'డోంట్ గివ్ అప్ ఆన్ మీ'. మొత్తం 11 పాటలు.

బర్క్ ఫిలడెల్ఫియాలో పుట్టాడు, చిన్నతనంలోనే చర్చిలో ప్రసంగాలు చేశాడు. 1960ల్లో అట్లాంటిక్ రికార్డ్స్‌లో 'క్రై టు మీ' లాంటి హిట్లు ఇచ్చాడు. ఈ ఆల్బమ్ వచ్చేనాటికి ఆయనకు 62 ఏళ్లు. దీన్ని తెచ్చింది ఫ్యాట్ పాసమ్ అనే మిసిసిపీ కంపెనీ. పల్లెటూరి ముసలి బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాతకాలపు వేదన పాటలు) కళాకారుల్ని రికార్డు చేసి పేరు తెచ్చుకున్న కంపెనీ అది. బాబ్ డిలన్, టామ్ వెయిట్స్, వాన్ మారిసన్ లాంటి పేరుమోసిన గాయక రచయితలు రాసిన పాటలు ఇందులో ఉన్నాయి. చాలామంది ఈ పేర్ల దగ్గరే ఆగిపోతారు. మనం ఆగొద్దు. పాట ఎవరు రాశారన్నది చెవికి వినిపించదు కదా.

మనకు కావలసిన సంగతి వేరే ఉంది. నిర్మాత జో హెన్రీ దీన్ని నాలుగు రోజుల్లో రికార్డు చేశాడు. వాద్యాలు ముందే రికార్డు చేసిపెట్టి తర్వాత గొంతు అతికించడం కాదు, బర్క్ పాడుతుంటే పక్కనే అందరూ వాయించారు. అందుకే ఒకరు వెనక్కి తగ్గితే ఇంకొకరు ముందుకు రావడం ఇందులో తెలుస్తుంది. చెవి సాధనకు దీన్ని ఎంచుకున్నది అందుకే.

ముందు ఒక జాగ్రత్త. ఫోన్ స్పీకర్లో వినకండి. నేను మొదటిసారి అలాగే విని, ఇందులో బాస్ (అడుగున మోగే మంద్ర స్వరాల గిటారు) లేదేమో అనుకున్నాను! పది రూపాయల పనికి పోయి వంద పోగొట్టుకున్నట్టయింది. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు.

ఇక మొదటి పాట పెట్టండి, ఆల్బమ్ పేరే దాని పేరు. దీన్ని మూడుసార్లు వినాలి.

మొదటిసారి గొంతును పట్టించుకోకండి. ఇది చెప్పినంత తేలిక కాదు, అంత పెద్ద గొంతు మరి. చెవిని ఆర్గన్ (చర్చిలో వాయించే, హార్మోనియంలా మెట్లున్న వాద్యం) మీదే పెట్టండి. వాయించేది రూడీ కోప్లాండ్. చూపు లేని ఆయన బర్క్ చర్చిలోనే ఆర్గన్ వాయించేవాడు. పౌరాణిక నాటకాల్లో పద్యం విన్నవాళ్లకు ఈ పని వెంటనే పట్టుబడుతుంది. నటుడు రాగం తీస్తుంటే హార్మోనియం వెనకే నడుస్తుంది, ఆయన ఊపిరి తీసుకునే చోట ఆ ఖాళీని నింపుతుంది. చర్చి ఆర్గన్ పని కూడా అదే. ఎక్కడ ఆర్గన్ మీ చెవికి దగ్గరైనట్టు అనిపిస్తే అక్కడ నిమిషం, సెకను కాగితం మీద రాసుకోండి.

రెండోసారి డ్రమ్స్, బాస్. జే బెల్లెరోజ్ డ్రమ్స్ వాయిస్తున్నాడు. దెబ్బలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టకండి, ఎన్ని చోట్ల కొట్టకుండా వదిలేశాడో చూడండి. ఇది రాకపోతే కంగారు పడకండి, నాకూ చాలా రోజులు పట్టింది.

మూడోసారి గొంతు. తొడ మీద తాళం వేస్తూ, మాట మొదలయ్యే క్షణం దెబ్బకు ముందు పడిందా, సరిగ్గా దెబ్బ మీదా, తర్వాతా అని గుర్తించండి. పెన్సిల్‌తో 'ము', 'స', 'త' అని మూడు అక్షరాలు చాలు. సోల్ గాయకులు చాలాసార్లు 'త' దగ్గర ఉంటారు, అంటే తాళాన్ని పోనిచ్చి వెనక నుంచి అందుకుంటారు. బర్క్ ఎప్పుడు గట్టిగా పాడతాడా అని ఎదురుచూస్తూ వింటే ఇదంతా జారిపోతుంది. అరవగలిగిన మనిషి గొంతు దాచుకుని పాడటమే నా దృష్టిలో ఈ ఆల్బమ్ గొప్పతనం.

తర్వాత పదో పాట, 'నన్ ఆఫ్ అస్ ఆర్ ఫ్రీ'. ఇందులో బర్క్‌తో గొంతు కలిపినవాళ్లు 'బ్లైండ్ బాయ్స్ ఆఫ్ అలబామా'. 1930ల చివర్లో అలబామాలో అంధుల బడిలో మొదలైన బృందం అది. ఇక్కడ మీ పని ఒకటే. బర్క్ పాడిన మాటకు బృందం ఎంత ఆలస్యంగా బదులిస్తోందో చూడండి. బుర్రకథలో వంతలు కథకుడి మాట పూర్తవకముందే అందుకోవడం మీరు వినే ఉంటారు. ఇక్కడ కూడా ఎన్నిసార్లు అలా ఒకదాని మీద ఒకటి పడిందో లెక్క రాయండి.

అన్నట్టు, ఈ సోల్ గాయకుడి ఆల్బమ్‌కు వచ్చిన గ్రామీ కాంటెంపరరీ బ్లూస్ విభాగంలోది. సోల్‌కీ బ్లూస్‌కీ మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఆరో పాఠం.

అప్పటికల్లా మీ కాగితం మీద మొదటి పాటకు కనీసం ఇరవై గుర్తులు ఉండాలి. అవి పారేయకండి. ఇంకో వారం పోయాక చూడకుండా మళ్లీ రాసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెడదాం.