కాలర్ బోన్ అతుక్కున్నాక మళ్లీ సైకిల్: కారవాన్‌లో ఉండేవారు వానాకాలానికి ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మృగశిర కార్తె ప్రవేశించి, నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం జనం బారులు తీరే రోజులు వచ్చాయంటే హైదరాబాదులో సైకిల్ తొక్కేవారికి ప్రాణం లేచి వస్తుంది. ఎండ తీవ్రత తగ్గి పొద్దుటి గాలి చల్లబడుతుంది, ఎవరికైనా బయటికి వెళ్లాలనే అనిపిస్తుంది. అయితే తొలకరి పడ్డ రోడ్డు అంతకుముందు నెలల తరబడి పేరుకున్న ఆయిలూ దుమ్మూ తడిసి సబ్బు రాసినట్టు తయారయ్యేదీ సరిగ్గా ఈ రోజుల్లోనే. గాయం నుంచి కోలుకుని మళ్లీ సైకిలెక్కాలని ఎదురుచూస్తున్నవారు ఈ కాలంలో తొందరపడే అవకాశం ఎక్కువ. వారు మాలాగా కారవాన్‌లోనే, అంటే ఇల్లులా అమర్చుకున్న బండిలోనే, కాపురముంటున్నవారైతే మామూలు ఇళ్లలో ఉండేవారికి తట్టని మరికొన్ని విషయాలు కూడా ముందుగా ఆలోచించుకోవాలి.

నేనూ నా భార్యా శంకర్‌పల్లి దగ్గర తెలిసినవారి మామిడి తోటలో కారవాన్ నిలుపుకొని ఉంటున్నాం. ఫిబ్రవరిలో గండిపేట వైపు ఒక మలుపులో రోడ్డు మీద పరుచుకుని ఉన్న ఇసుకలో ముందు చక్రం జారి నేను ఎడమ భుజం మీద పడ్డాను. కాలర్ బోన్, అంటే మెడ కింద ఛాతీని భుజంతో కలిపే ఎముక, మధ్యలో విరిగింది. ఎముక ముక్కలు పెద్దగా పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి డాక్టరు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) వేశారు. ఏడో వారంలో, నొప్పి దాదాపు పోయిందన్న ధైర్యంతో, సైకిల్‌ను కారవాన్ వెనకనున్న స్టాండుకు తగిలించబోయాను. సైకిల్ బరువు పదకొండు కిలోలే. చేతులు భుజాల ఎత్తుకు చేరేసరికి విరిగిన చోట లోపల చిన్నగా కలుక్కుమంది. ఎక్స్‌రేలో కొత్తగా ఏమీ విరగలేదని తేలినా, సైకిలెక్కడానికి నాకు పెట్టిన గడువును డాక్టరు మరో మూడు వారాలు పొడిగించారు. నేను అప్పటికి సైకిల్ ఒక్క గజం కూడా తొక్కలేదు. అందుకే ఈ జాగ్రత్తలను రోడ్డు దగ్గర మొదలుపెట్టకుండా కారవాన్ తలుపు దగ్గర మొదలుపెడుతున్నాను: అతుక్కుంటున్న ఎముకకు తొలి పరీక్ష పెట్టేది మన ఇల్లే.

ముందుగా డాక్టరు అనుమతి గురించి చెప్పాలి. పెద్దవారిలో కాలర్ బోన్ అతుక్కోవడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది, పొగ తాగే అలవాటు ఉన్నవారికి ఇంకా ఆలస్యం కావచ్చు. నొప్పి మాత్రం ఎముక గట్టిపడటానికి చాలా ముందే తగ్గిపోతుంది, మోసపోయేది అక్కడే. నాకు వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు మొదటి రోజే ఒక మాట చెప్పారు: "నొప్పి లేదంటే సరిపోదండీ, బలం వచ్చిందా లేదా అన్నది చూడాలి." ఎక్స్‌రే చూసి డాక్టరు సరేనన్న తరువాత కూడా, చెయ్యి నొప్పి లేకుండా పూర్తిగా తల పైకి లేస్తోందా, గోడకు రెండు అరచేతులూ ఆనించి పది పదిహేను సార్లు ఒంటి బరువును తోసినప్పుడు రెండు భుజాలూ సమానంగా పనిచేస్తున్నాయా అన్నది చూసుకోవాలి. సైకిల్ మీద గుంత తగిలినప్పుడు హ్యాండిల్ నుంచి భుజానికి వచ్చే అదురు గోడను తోయడం కంటే చాలా ఎక్కువ. తొక్కబోయే ముందు నొప్పి మాత్ర వేసుకోవడం అస్సలు పనికిరాదు, ఎందుకంటే ఆగమని హెచ్చరించే గొంతును మనమే నొక్కేసినట్టవుతుంది. ఊరూరా తిరిగేవారు డాక్టర్లను మారుస్తూ పోకూడదు. ఒక్కరి దగ్గరే చూపించుకుంటూ, ఎక్స్‌రేలన్నీ ఫోన్లో కూడా దాచుకుంటే మొదటి రోజు బొమ్మతో తాజా బొమ్మను పోల్చి చూడటం వీలవుతుంది.

బంధువులలో ఎవరో ఒకరు పుత్తూరు కట్టు మాట తప్పక ఎత్తుతారు. అది వారు ప్రేమతో చెప్పే మాటే. కానీ ఎక్స్‌రే తీయించకుండా ఏ కట్టూ కట్టించుకోకూడదు, అతుక్కుంటున్న ఎముక మీద నూనెతో మర్దన చేయించుకోకూడదు. విరిగిన కొన చర్మాన్ని లోపలి నుంచి పొడుచుకొస్తున్నట్టు కనిపించినా, వేళ్లు తిమ్మిరెక్కినా, చెయ్యి చల్లబడినా అదే పూట ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక కారవాన్ సంగతి. మా బండి మెట్టు నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటుంది, పట్టుకుని ఎక్కే కమ్మీ ఎడమ వైపున ఉంది. అంటే ఎక్కిన ప్రతిసారీ నా శరీర భారమంతా గాయపడిన భుజం మీద వేలాడేది. రోజుకు ఇరవై సార్లు ఎక్కి దిగే మనిషికి ఇది ఏమంత చిన్న విషయం కాదు, అయినా ఆ కమ్మీ మీద ఉన్న నా చేతిని నేను గమనించడానికి రెండు వారాలు పట్టింది. కుడి వైపున మరో కమ్మీ బిగించి, కింద వెడల్పాటి పీట లాంటి మెట్టు ఒకటి పెట్టించాం. వానలు మొదలయ్యేలోగా ఇనుప మెట్ల మీద గరుకు పట్టీలు అతికించడం తప్పనిసరి. తడి చెప్పులతో జారిన మనిషి ముందుగా చాచేది చేతులనే, ఆ దెబ్బ తిన్నగా కాలర్ బోన్‌కే చేరుతుంది. బాత్రూము నేల మీద కూడా రబ్బరు పట్టా పరవాలి.

బరువులు ఎత్తకూడదన్న విషయంలో నాకున్న పట్టుదల చూసి మా ఇంట్లో విసుక్కునేవారు, ఇప్పుడు వారే నాకంటే గట్టిగా ఉన్నారు. నీళ్ల క్యాను ఇరవై లీటర్లంటే ఇరవై కిలోలు. వంటగ్యాసు సిలిండరులో గ్యాసు 14.2 కిలోలే అయినా సిలిండరుతో కలిపి ముప్పై కిలోల దాకా తూగుతుంది. క్యానును ఎత్తి ట్యాంకులో వంపే బదులు చిన్న మోటారు పంపూ పైపూ పెట్టుకుంటే ఆ పని లేకుండానే పోతుంది. సిలిండరును మాత్రం ఇంకొకరి చేతనే మార్పించుకోవాలి. ఒక రోజు నేను కుడి చేత్తో దాన్ని దొర్లించబోతుంటే తోట కాపలా చూసే పెద్దాయన పరుగున వచ్చి, "గంత బరువు నువ్వెందుకు లేపుతున్నవ్ సారూ, ఒక్క పిలుపు పిలుస్తే నేను రానా?" అని కోప్పడ్డాడు. సాయం అడగడానికి మొహమాటపడేవారికే గాయాలు తిరగబెడతాయని నా నమ్మకం. వెనక స్టాండుకు సైకిల్ తగిలించడం కనీసం మూడు నాలుగు నెలల పాటు ఇద్దరు కలిసి, చక్రాలు విప్పి చేయాల్సిన పని. పడుకునేటప్పుడు గాయం ఉన్న వైపు ఒరగకుండా దిండు అడ్డుపెట్టుకోవాలి. పై బెర్తు జోలికి వెళ్లకూడదు.

బండి కదిలేటప్పుడు చాలామంది ఆలోచించని విషయం ఒకటి ఉంది. మన దేశంలో డ్రైవరు కుడి వైపు కూర్చుంటారు, కాబట్టి డ్రైవరు సీటు బెల్టు కుడి భుజం మీదుగా, పక్కనున్నవారి బెల్టు ఎడమ భుజం మీదుగా వస్తుంది. ఎడమ కాలర్ బోన్ విరిగినవారు ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుంటే బెల్టు సరిగ్గా విరిగిన చోటే ఒత్తుకుంటుంది. బెల్టు మానేయడం దీనికి మందు కాదు. డ్రైవరు వెనక సీటుకు కుడి భుజం మీదుగా వచ్చే బెల్టు ఉంటే అక్కడ కూర్చోవాలి. లేకపోతే ఎముక గట్టిపడే దాకా కారవాన్‌ను కదపకుండా ఒకేచోట ఉండటం మేలు. గేరు ఎడమ చేత్తోనే వేయాలి కాబట్టి, డాక్టరు సరేననే వరకు అంత పెద్ద బండిని నడపాలన్న ఆలోచనే పెట్టుకోకూడదు.

సైకిల్‌ను పడ్డ రోజు ఎలా ఉందో అలాగే తీసి తొక్కకూడదు. పడినప్పుడు తలకు తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ లాంటి పొర నలిగి ఉండవచ్చు, దాన్ని పారేసి కొత్తది కొనాలి. వంగిన అల్యూమినియం హ్యాండిల్‌ను తిరిగి వంచి సరిచేయించకూడదు, ఏదో ఒక గుంత దగ్గర చెప్పకుండా విరుగుతుంది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కార్బన్‌తో చేసినదైతే దాన్ని తెలిసిన మెకానిక్కు చేత విప్పించి చూపించాలి.

బ్రేకుల విషయం కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాను. మన దేశంలో అమ్మే సైకిళ్లలో ఎక్కువ వాటికి కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమ చేతి బ్రేకు వెనక చక్రానికి ఉంటుంది. ఎడమ వైపు గాయపడినవారు తెలియకుండానే ఆ చేతికి పని తగ్గించి, ఆపాల్సి వచ్చిన ప్రతిసారీ కుడి చేత్తోనే నొక్కుతారు. పొడి రోడ్డు మీద ఇది ఎలాగో నడిచిపోతుంది కానీ, తడి రోడ్డు మీద ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే చక్రం జారి మళ్లీ అదే భుజం మీద పడేస్తుంది. అందువల్ల రోడ్డెక్కే ముందు తోటలోనో ఖాళీ స్థలంలోనో మెల్లగా తొక్కుతూ రెండు బ్రేకులనూ సమంగా వేసి ఆపడం వందసార్లు చేసి చూడాలి. కుడి వైపు తిరగడానికి కుడి చెయ్యి చాచి చూపేటప్పుడు ముందుకు వాలిన శరీర భారమంతా ఎడమ చేతి మీదికే వస్తుంది, ఆ భారాన్ని భుజం మోయగలుగుతోందా అన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి. హ్యాండిల్‌ను కొన్ని నెలల పాటు కాస్త ఎత్తులో పెట్టించుకుంటే చేతుల మీద బరువు తగ్గుతుంది. వెనక్కి తిరిగి చూసే అవసరం తగ్గించేందుకు చిన్న అద్దం ఒకటి బిగించుకోవాలి. బూట్లను పట్టి ఉంచే పెడళ్లు తీసేసి మామూలు పెడళ్లు వేసుకోవాలి.

మొదటి మూడు వారాలు నేను సైకిల్‌ను ట్రైనర్ స్టాండుకు, అంటే కదలకుండా ఒకేచోట తొక్కేందుకు వాడే స్టాండుకు, బిగించి తొక్కాను. కరెంటు అక్కర్లేని మాగ్నెట్ రకం కారవాన్ జీవితానికి సరిపోతుంది, ఇన్వర్టర్ బ్యాటరీ మీద భారం పడదు. దాన్ని బండి లోపల పెట్టవద్దు. చోటు ఇరుకు, ఉక్క ఎక్కువ, తూలితే పట్టుకోబోయేది స్టవ్వో కిటికీ అంచో అవుతుంది. బయట గుడారపు నీడలో, చదునైన నేల మీద, పది నిమిషాలతో మొదలుపెట్టాలి. భుజం ఎలా ఉందన్న తీర్పు తొక్కిన వెంటనే ఇవ్వకూడదు. మరుసటి పొద్దున చొక్కా తొడుక్కునేటప్పుడు నొప్పి పెరిగిందనిపిస్తే, ఆ రోజు సెలవు.

రోడ్డు మీద తొలి అడుగులకు మన నగరంలో ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్‌కు మించిన చోటు లేదు. 2023 అక్టోబరు 1న ప్రారంభమైనప్పుడు ఈ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు. అందులో నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కిలోమీటర్లు. వాహనాలతో పని లేదు, నాలుగున్నర మీటర్ల వెడల్పు ఉంది, పైన సోలార్ పలకల నీడ ఉంది. మొదటి రోజు రెండు కిలోమీటర్లు పోయి రెండు కిలోమీటర్లు వెనక్కి రావడం చాలు. పైకప్పు ఉన్నా ఈదురుగాలితో వచ్చే వాన అంచులను తడుపుతుంది, కాబట్టి మధ్యలో తొక్కాలి, వేగంగా వెళ్లేవారికి దారి వదలాలి. ట్రాక్ నుంచి సర్వీసు రోడ్డుకు దిగే చోట దిగి నడిపించుకుపోవడమే క్షేమం, కోకాపేట చుట్టుపక్కల కాంక్రీటు లారీలు జార్చిన కంకర తడిలో కనిపించదు.

వాన పడుతున్నప్పుడు, పడి ఆగిన తొలి గంటలో బయలుదేరవద్దు. దారిలో చిక్కుకుంటే నిలిచిన నీటిలోకి సైకిల్‌ను నడపవద్దు, కింద గుంత ఉందో మూత లేని మ్యాన్‌హోల్ ఉందో పైనుంచి తెలియదు. ఇనుప మూతల మీద, తెల్ల గీతల మీద మలుపు తిప్పకూడదు, బ్రేకు వేయకూడదు. టైరులో గాలి కొద్దిగా తగ్గించుకుంటే పట్టు పెరుగుతుంది.

కారవాన్‌ను వానాకాలంలో ఎక్కడ నిలుపుతామన్నది కూడా ఈ జాగ్రత్తల్లో భాగమే. చెరువు నిండితే మునిగే శిఖం భూముల్లో, నాలాల పక్కన నిలిపితే అర్ధరాత్రి నీళ్లు వచ్చినప్పుడు చీకట్లో, బురదలో, ఒంటి చేత్తో సామాను ఎత్తి పరుగెత్తాల్సి వస్తుంది. 2020 అక్టోబరు వరదలు చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తే రోజుల్లో దిగువనున్న సర్వీసు రోడ్డు వైపు వెళ్లకూడదు.

చివరిగా చిరునామా సంగతి. ఇంటి నంబరు లేనివారు 108కు ఫోన్ చేస్తే ఎక్కడికి రమ్మని చెప్పాలో ముందే రాసి పెట్టుకోవాలి: దగ్గరి ఊరు, ఔటర్ రింగ్ రోడ్డు ఎగ్జిట్ నంబరు, గుడో పెట్రోలు బంకో ఏదో ఒక గుర్తు. నగరం లోపల మెట్రో, ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు చెబితే సరిపోతుంది. నా జేబులో ఒక కాగితం ఉంటుంది, దాని మీద రక్తం గ్రూపు, నా భార్య ఫోన్ నంబరు, ఎడమ కాలర్ బోన్ ఫిబ్రవరిలో విరిగిందన్న మాట, ఆ వారం కారవాన్ ఉన్న చోటు రాసి ఉంటాయి. చోటు మారినప్పుడల్లా కాగితం మారుస్తాను. నేను చెప్పిన వేళ దాటి ఇరవై నిమిషాలైతే ఆమె ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే నేను వెళ్లిన దారినే బయలుదేరుతుంది. అందుకే ఇంటి దగ్గర చెప్పిన దారి తప్ప వేరే దారి పట్టను.