జర్మనీ రోబోటిక్స్ ల్యాబ్‌కు వస్తున్న గోదావరి వాళ్లకు

అమలాపురం, భీమవరం, కాకినాడ వైపు నుంచి మొబైల్ రోబోటిక్స్‌లో, అంటే చోటు మారుతూ కదిలే రోబోల మీద, పీహెచ్‌డీకి జర్మనీ వచ్చేవాళ్లు ముందు అడిగేది ఇంటి గురించి, జీతం గురించి. అవీ చెబుతాను. కానీ మనవాళ్లను ఇక్కడ నిజంగా దెబ్బతీసేది వేరే ఉంది: తెలియనిదాన్ని తెలియదని చెప్పకుండా వారాల తరబడి నెట్టుకురావడం. మీరు ఈ ఒక్క అలవాటు మానుకుని వస్తే చాలు, మిగతావన్నీ నేర్చుకోవచ్చు.

కాగితాల్లో పేరు సరిచూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఏముంటే ఉద్యోగ ఒప్పందం, బ్యాంకు ఖాతా, యూనివర్సిటీ మెయిల్ అన్నీ దాని మీదే నడుస్తాయి. డిగ్రీలో ఒట్టి ఇనీషియల్ ఉండి పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే ఆ సంగతి ముందే ల్యాబ్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. జిల్లాలు 2022 ఏప్రిల్ 4న విడిపోయాయి కాబట్టి పాత సర్టిఫికెట్లలో తూర్పు గోదావరి, కొత్తవాటిలో కోనసీమ ఉండటం మామూలే. దానికి టెన్షన్ పడకండి.

సామాను విషయంలో మన వైపు వాళ్లకు పనికొచ్చే మాట ఒకటి. యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి వద్దు. చేపలు, రొయ్యలకు మాత్రం పరిమితి మేరకు అనుమతి ఉంది కాబట్టి రొయ్యల పచ్చడి సీలు వేయించి తెచ్చుకోవచ్చు. పచ్చి కరివేపాకు కుదరదు. ఎండు కొబ్బరి, కురిడీలు అసలు పెట్టకండి. నూనె ఎక్కువ ఉండి వాటంతటవే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉన్నాయి, విమానాశ్రయంలో తీయించేస్తారు. ప్రాజెక్టులో వాడిన లిథియం బ్యాటరీలు తెస్తుంటే చేతి సంచిలోనే ఉండాలి, కొసలకు టేపు చుట్టాలి. 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

దిగాక ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు మున్సిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం లేకుండా ఆ పని జరగదు, కాబట్టి గది కుదుర్చుకునేటప్పుడే ఆ కాగితం ఇస్తారా అని అడగండి. తర్వాత పన్ను నంబరు పోస్టులో వస్తుంది. పోస్టు డబ్బా మీద మీ పేరు లేకపోతే ఉత్తరం మీదాకా రాదు, అందుకే దిగిన రోజే పేరు అతికించండి. జీతం నెలాఖరున పడుతుంది. ఇంటి ఓనరు అడ్వాన్సుగా మూడు నెలల అద్దె దాకా అడగొచ్చు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. టీవీ, రేడియో రుసుం కట్టమని వచ్చే ఉత్తరం మోసం కాదు, ఇంటికొకరు కట్టాల్సిందే. ఆదివారం కొట్లు మూసేస్తారు, బియ్యం శనివారమే తెచ్చుకోండి.

ఇక ల్యాబ్. ఈ దేశంలో రోబోను జనం మధ్య నడిపించడం కొత్త కాదు. 1997లో బాన్‌లోని మ్యూజియంలో రైనో అనే రోబో సందర్శకులను వెంటబెట్టుకుని తిప్పింది. 2012లో ఓబెలిక్స్ అనే రోబో ఫ్రైబుర్గ్‌లో ఇంజనీరింగ్ క్యాంపస్ నుంచి ఊరి నడిబొడ్డు దాకా మూడు కిలోమీటర్లకు పైగా తనంతట తాను వెళ్లింది. ఎదురుగా పిల్లలు, ముసలివాళ్లు వచ్చే చోట నడిపే యంత్రం కనుక భద్రత దగ్గర ఎవరూ రాజీపడరు. రోబో కదులుతున్నంతసేపూ ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర ఒక మనిషి ఉండాలి. ఆ బటన్ నొక్కినందుకు ఎవరూ ఏమీ అనరు. నొక్కాలా వద్దా అని సందేహిస్తూ నిలబడితేనే అంటారు.

లిథియం పాలిమర్ బ్యాటరీ ఒక్కో సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. 3 కంటే కిందికి దిగితే సెల్ పాడవుతుంది. వారం పాటు వాడకపోతే 3.8 దగ్గర ఉంచండి. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే, అది మీ చేతిలోనే ఉబ్బినా సరే, ఆ నిమిషమే చెప్పండి. దాచిపెట్టిన బ్యాటరీ రాత్రి అంటుకుంటే గది మొత్తం పోతుంది.

మొదటి వారంలోనే ఒక పని చేయండి. కారిడార్‌లో టేపుతో పది మీటర్లు కొలిచి నేల మీద గీత గీసి, రోబోను తిన్నగా నడపండి. చక్రాల ఎన్‌కోడర్ (చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టే పరికరం) చెప్పిన దూరం, టేపు చూపిన దూరం పక్కపక్కన రాసుకోండి. తర్వాత ఉన్నచోటే కొన్ని చుట్లు తిప్పి కోణం ఎంత తప్పిందో చూడండి. దూరంలో తేడా కంటే కోణంలో తేడా ప్రమాదం. దిశ ఒక్క డిగ్రీ తప్పితే వంద మీటర్లు వెళ్లేసరికి రోబో దాదాపు 1.75 మీటర్లు పక్కకు పోతుంది.

చక్రం జారినప్పుడు ఏమవుతుందో మన చేలల్లో దమ్ము చూసినవాళ్లకు తెలుసు. బురదలో ఇనుప చక్రం తిరుగుతూనే ఉంటుంది, ట్రాక్టరు కదలదు. ఎన్‌కోడర్ మాత్రం తిరిగిన ప్రతి చుట్టునూ దూరంగానే లెక్క రాస్తుంది. అందుకే లైడార్ (లేజర్ కాంతితో చుట్టూ దూరాలు కొలిచే సెన్సర్), కెమెరా, జీపీఎస్‌లతో దాన్ని సరిదిద్దుతారు. ఆ జీపీఎస్ కూడా కొబ్బరి తోటలోకి వెళ్లేసరికి మట్టల కింద తడబడుతుంది. ఈ సంగతులు మీటింగ్‌లో చెప్పండి. బాన్ యూనివర్సిటీలో ఫీనోరోబ్ అనే పరిశోధన కేంద్రంలో వ్యవసాయ రోబోల పరిశోధన పెద్దయెత్తున సాగుతోంది, కానీ నీళ్లు నిలిచిన వరిచేను ఇక్కడ చాలామంది చూసి ఉండరు. మీకు చిన్నప్పటి నుంచి తెలిసినది వాళ్లకు పరిశోధన ప్రశ్న.

ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలవమంటే పిలవండి. మొదట్లో నోరు రాదు, అలవాటవుతుంది. "సరే సార్" అని తలూపి వెళ్లిపోతే అర్థమైందనే అనుకుంటారు. రెండు రోజులు తన్నుకున్నా కోడ్ నడవకపోతే మూడో రోజు పక్క టేబుల్ దగ్గరికి వెళ్లండి. ఏం ప్రయత్నించారో, ఏ ఎర్రర్ వచ్చిందో రాసుకుని వెళ్తే ఎవరూ విసుక్కోరు. సెన్సర్ల గడియారాలు కలవక లైడార్ స్కాన్ ఒక క్షణానిది, కెమెరా బొమ్మ ఇంకో క్షణానిది అయితే ఆల్గరిథమ్‌లో తప్పు వెతుకుతూ నెల పోగొట్టుకోవచ్చు. అలాంటిది పాతవాళ్లు రికార్డింగ్ చూసి కాసేపట్లో పట్టేస్తారు.

ఇంటి ఇబ్బందులూ అంతే, ముందే చెప్పాలి. జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగితే లంక గ్రామాల పిల్లలకు ఇక్కడ మనసు నిలవదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది అని మనకు తెలుసు, మీ గైడ్‌కు తెలియదు. రెండో హెచ్చరిక వచ్చిన రోజే విషయం వివరించండి. ఇక్కడి జర్మన్ రాష్ట్ర యూనివర్సిటీల ఉద్యోగ ఒప్పందాల్లో చాలావరకు ఏడాదికి 30 రోజుల సెలవు ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి. రోబో బుకింగ్ ఇంకొకరికి ఇచ్చి, బ్యాటరీలు 3.8 దగ్గర ఉంచి, ప్రయోగం ఎక్కడ ఆగిందో ల్యాబ్ పుస్తకంలో రాసి బయల్దేరండి.