సంక్రాంతికి ఊరెళ్లే ముందు ఇంటి భద్రతకు తీసుకోవలసిన జాగ్రత్తలు

బంగారాన్ని, ఆస్తి పత్రాలను బ్యాంకు లాకరులో పెట్టే పనిని పండుగ సెలవులు మొదలుకాక ముందే ముగించుకోవాలి. లాకరు లేనివారు నగలను బీరువాలో ఉంచి, తాళంచెవిని ఆ బీరువా పైనో, పరుపు కిందో, దేవుడి గూట్లోనో దాచిపోవడం ఎంతమాత్రం మంచిది కాదు. దొంగలు ముందుగా వెతికేది అక్కడే.

ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి బయటికి తెలియనివ్వకపోవడం అన్నిటికన్నా ముఖ్యమైనది. ధనుర్మాసంలో వీధిలోని ప్రతి వాకిట్లోనూ ముగ్గు ఉండి, ఒక్క మీ వాకిలి మాత్రమే వరుసగా రెండు రోజులు ఊడవకుండా కనిపిస్తే, తాళం వేసిన ఇళ్ల కోసం పగలు రెక్కీ చేసేవారికి అంతకు మించిన ఆనవాలు అక్కరలేదు. అందువల్ల పాలు, పేపరు ఆపించి, వాకిలి ఊడ్చి ముగ్గు వేయమని, రాత్రి ఇంటి ముందు లైటు వేయమని నమ్మకమైన పొరుగువారిని కోరండి. గేటుకు పెద్ద తాళం వేలాడదీయకుండా తలుపుకు సెంట్రల్ లాక్ వేయండి.

పెరటి తలుపు గడియ, బాత్రూం కిటికీ ఊచలు తప్పక చూసుకోవాలి. సీసీ కెమెరాల రికార్డింగు పెట్టె హాల్లో టీవీ పక్కనే ఉంటే దొంగలు దాన్ని కూడా పట్టుకుపోతారు కాబట్టి కంటపడని చోటికి మార్చండి.

ప్రయాణం ఫొటోలను తిరిగి వచ్చాకే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి. ఊరెళ్తున్నట్లు స్థానిక పోలీస్ స్టేషన్‌లో చెబితే గస్తీ సిబ్బంది ఆ ఇంటిపై దృష్టి పెట్టగలుగుతారు.

తిరిగి వచ్చేసరికి తాళం పగిలి ఉంటే లోపలికి వెళ్లకండి, వేలిముద్రలు చెరిగిపోకుండా దేనినీ తాకకండి, బయటనే ఉండి 112కు ఫోన్ చేయండి.