టూసాన్ డౌన్‌టౌన్ నడిచి చదవడం, 3వ భాగం: గోడకీ రోడ్డుకీ మధ్య ఎంత జాగా ఉంది?

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న టూసాన్ ఊళ్లో, పోయిన భాగంలో ప్రెసిడియో దగ్గర ఆగాం. 1775లో స్పెయిన్ తరఫున హ్యూగో ఓకానర్ అనే ఐరిష్ ఆఫీసర్ జాగా ఎంచి పెట్టిన కోట అది, దాని గోడలు ఎటునుంచి ఎటు పోయాయో చూసుకున్నాం. ఈసారి అక్కడినుంచి దక్షిణంగా నడిచి బారియో వియెహో అనే పాత పేటకి పోదాం. ఈ భాగంలో నేర్చుకునేది ఒక్కటే, ఇంటి ముందు నిలబడి, గోడ మీద బోర్డు చదవకుండానే, అది రైలు రాకముందు పద్ధతిలో కట్టిన ఇల్లా, వచ్చాక పద్ధతిలో కట్టిన ఇల్లా అనేది చెప్పగలగాలి.

రైలునే ఎందుకు గుర్తు పెట్టుకోమంటున్నానంటే, ఈ ఊరు 1821 దాకా స్పెయిన్ కింద ఉంది, తర్వాత మెక్సికో కిందకి వచ్చింది, ఆ తర్వాత గాడ్స్‌డెన్ ఒప్పందంలో 10 మిలియన్ డాలర్లకి 1854లో అమెరికా చేతికి పోయింది, కానీ జెండా మారినా ఇల్లు కట్టే పద్ధతి పెద్దగా మారలేదు. 1880 మార్చి 20న సదరన్ పసిఫిక్ రైలు వచ్చాక మారింది. అంతకుముందు ప్రతీదీ బండ్ల మీద ఎడారి దాటి రావాలి కాబట్టి గాజు, కోసిన చెక్క, ఇనుప రేకు అన్నీ ఖరీదే, ఇల్లంటే కాళ్ల కింద దొరికే మట్టే. రైలొచ్చాక అవే వ్యాగన్లలో దిగిపోయాయి, వాటితో పాటు తూర్పు రాష్ట్రాల వాళ్ల ఇంటి ఆలోచన కూడా దిగింది.

ఇక మొదటి పని. ఫుట్‌పాత్ మీద నిలబడి చెయ్యి చాపండి. గోడ చేతికి తగిలితే, అంటే ముందు వాకిలి గానీ గడ్డి గానీ వరండా గానీ ఏమీ లేకుండా గోడ నేరుగా ఫుట్‌పాత్ అంచునే లేస్తే, అది సోనోరా పద్ధతి ఇల్లు, సోనోరా అంటే సరిహద్దుకి అవతల మెక్సికో రాష్ట్రం, రైలు రాకముందు పద్ధతి ఇదే. పక్కిల్లు కూడా అదే వరసలో అతుక్కుని ఉంటుంది, కొన్నిచోట్ల వీధి పొడుగునా ఒకే గోడ పోతున్నట్టు కనిపిస్తుంది. ఖాళీ జాగా అంతా వెనక పెరట్లో ఉంటుంది, వంట, పిల్లల ఆటలు, ఎండాకాలం రాత్రి పడకలు అన్నీ అక్కడే. కొన్ని ఇళ్లకి వీధి తలుపు నుంచి పెరటిదాకా మధ్యలో ఒక వెడల్పాటి నడవ ఉంటుంది, దాన్ని సగ్వాన్ అంటారు, రెండు వైపులా తలుపులు తీస్తే గాలి సర్రున దూసుకుపోతుంది. రైలొచ్చాక వచ్చిన అమెరికన్ పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు, ఇల్లు స్థలం మధ్యలో, చుట్టూ ఖాళీ, ముందు వరండా. ఈ ఒక్క తేడా కంటికి అలవాటైతే సగం పాఠం అయిపోయినట్టే, నన్నడిగితే స్టైల్ పేర్లు బట్టీ పట్టడం కంటే ఇదే చాలా ముఖ్యం.

రెండోది కిటికీ లోతు. ఇక్కడి గోడలు అడోబ్, అంటే మట్టి, ఇసుక, గడ్డి కలిపి అచ్చులో పోసి కాల్చకుండా ఎండలో ఆరబెట్టిన ఇటుకలు. గోడ ఒకటిన్నర, రెండు అడుగుల మందం ఉంటుంది. పగలంతా ఎండని మెల్లగా పీల్చుకుని, ఆ వేడి లోపలికి చేరేసరికి రాత్రయిపోతుంది, అప్పటికి బయట చల్లబడుతుంది. కాబట్టి కిటికీ పక్కన గోడ అంచు ఎంత మందం కనిపిస్తుందో చూడండి, మూరెడు లోతు ఉంటే లోపల అడోబ్ ఉందని చాలావరకు ధైర్యంగా అనుకోవచ్చు, పైన ఏ పూత ఉన్నా సరే. రంగుని మాత్రం నమ్మొద్దు, ఫోటోల్లో అందరూ పెట్టే ఆ నీలం, పసుపు, గులాబీ రంగులు చాలావరకు తర్వాత రోజుల్లో బాగుచేసినప్పుడు వేసినవి.

మూడోది పైకప్పు. మన కర్నూలు, అనంతపురం వైపు మట్టిమిద్దెలు చూసిన వాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. దూలాలు, వాటి మీద అడ్డంగా సన్న కర్రలు, ఆ పైన మట్టి. అక్కడ చౌడుమట్టి పరుస్తారు, ఇక్కడ సన్న కర్రల చోట ఎండిపోయిన సగ్వారో కాక్టస్ లోపలి ఊచలు వాడారు. నీళ్లు పోవడానికి పిట్టగోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన తూములు ఉంటాయి, వాటిని ఇక్కడ కనాలెస్ అంటారు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా వర్షాలు కురిస్తే ఒక్కసారిగా దంచి కొడతాయి కాబట్టి తూము లేకపోతే మిద్దె నిలవదు. ఇప్పుడు అసలు సరదా ఇక్కడుంది: కొన్ని ఇళ్లకి గోడ రోడ్డంచునే ఉంటుంది, కిటికీ లోతుగా ఉంటుంది, కానీ పైన రేకుల వాలు కప్పు ఉంటుంది. అంటే రైలొచ్చాక ఆ ఇంటివాళ్లు పాత మిద్దె మీదే కొత్త కప్పు వేయించుకున్నారన్నమాట. అలాంటి ఇల్లు కనపడితే వాలు కప్పు కిందుగా పాత పిట్టగోడ ఆనవాలు గానీ, పని లేకుండా మిగిలిపోయిన తూము గానీ ఉందేమో వెతకండి, ఒకే గోడలో రెండు కాలాలు దొరుకుతాయి.

నాలుగోది, ఎవరూ చూడనిది, గోడ కింది అడుగు భాగం. అడోబ్‌కి శత్రువు నీళ్లు. నేలలోంచి తేమ ఎక్కితే పాత సున్నపు పూత దాన్ని బయటికి వదిలేసేది, తర్వాత జనం గట్టిగా ఉంటుందని సిమెంట్ పూశారు, సిమెంట్ తేమని లోపలే బంధించేస్తుంది, దాంతో పైకి గోడ నున్నగానే ఉంటుంది, లోపల ఇటుక పిండైపోతుంది. కింద పూత ఉబ్బి, పెచ్చులు లేచి, తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే సంగతి అదే. ఎండలు, వానలు వందేళ్లు ఓర్చుకున్న గోడని మంచి చేయబోయి చంపుతున్నారు, చూస్తే నిజంగా కడుపు తరుక్కుపోతుంది.

మూల మీద ఉన్న ఇళ్లు కూడా వదలొద్దు. మూలని ఏటవాలుగా కోసి అక్కడ తలుపు పెట్టి ఉంటే అది ఒకప్పుడు కొట్టు అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. ఈ పేటల్లో అలాంటి కిరాణా కొట్లు చాలావాటిని చైనా నుంచి వచ్చిన కుటుంబాలు నడిపేవి, మెక్సికన్ ఇరుగుపొరుగుతో స్పానిష్‌లోనే బేరాలు.

ఇప్పుడు నడుస్తున్నది మొత్తం పేట కాదని తెలిసి నడవాలి. కన్వెన్షన్ సెంటర్ ఉన్న చోటంతా ఇలాంటి ఇళ్లే ఉండేవి. 1960ల చివర్లో అర్బన్ రెన్యూవల్, అంటే పాత పేటలు పడగొట్టి కొత్తగా కట్టే పథకం పేరుతో దాదాపు 80 ఎకరాలు నేలమట్టం చేశారు, మెక్సికన్, చైనీస్, నల్లజాతి కుటుంబాలు తరాలుగా ఉన్న వీధులు పోయాయి. ఆ మధ్యలో సోసా-కరియో ఇల్లు ఒకటి మిగిలింది, కాంక్రీటు కట్టడాల మధ్య ఒంటరిగా ఉంటుంది, తప్పకుండా చూడండి. మిగతా పేట మీదుగా హైవే కూడా వేద్దామనుకున్నారు. మెయిన్ అవెన్యూ మీద ఎల్ తిరాదితో అని చిన్న గుడిలాంటిది ఉంది, ప్రేమ వ్యవహారంలో హత్యకి గురై చర్చి శ్మశానంలో చోటు దొరకలేదని చెప్పుకునే మనిషి పేరున కొవ్వొత్తులు వెలిగించే చోటు, రాత్రంతా ఆరకపోతే కోరిక తీరుతుందని నమ్మకం. 1971లో దాన్ని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్పించారు, హైవేని ఆపిన పోరాటానికి అది పెద్ద అండయింది.

ఇక అభ్యాసం. కుషింగ్ స్ట్రీట్‌కి దక్షిణంగా కాన్వెంట్, మేయర్ అవెన్యూల మీద ఒక పది ఇళ్లు ఎంచుకోండి, ఒక్కో ఇంటికీ నాలుగు మాటలు రాయండి: గోడ ఎక్కడ, కిటికీ ఎంత లోతు, కప్పు ఏంటి, కింది అడుగు ఎలా ఉంది. ఇంటికొచ్చాక శాన్‌బార్న్ ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులతో పోల్చండి, అగ్ని బీమా కంపెనీల కోసం ఏ ఇల్లు దేంతో కట్టారో రంగుల్లో చూపిస్తూ గీసిన పాత మ్యాపులు అవి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఫ్రీగా ఉంటాయి, ఇటుకకి గులాబీ, చెక్కకి పసుపు, రాయికి నీలం. యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో చదివే మన పిల్లలకైతే క్యాంపస్ నుంచి స్ట్రీట్‌కార్ నేరుగా డౌన్‌టౌన్‌కి ఉంది. ఎండాకాలంలో పొద్దున్నే పోండి, నీళ్లు మర్చిపోవద్దు, అవి జనం కాపురాలుంటున్న ఇళ్లు కాబట్టి కిటికీల్లోంచి లోపలికి తొంగి చూడొద్దు.

నాలుగో భాగంలో తూర్పుగా ఆర్మరీ పార్క్‌కి పోదాం, రైల్వే ఉద్యోగులు కట్టుకున్న పేట. పోయేలోపు ఈ పది ఇళ్ల నోట్సు చేతిలో ఉండాలి, దాంతోనే మొదలుపెడతాం.