ఓపెన్ సోర్స్ బడి, నాలుగో పాఠం: మీ పని మెంటరుకు కనపడాలి

కిందటి పాఠంలో గిట్‌లో (కోడు మార్పుల లెక్క ఉంచే టూలు) బ్రాంచ్, అంటే మన సొంత పని కాపీ, చేసుకోవడం, ప్యాచ్ పంపడం చూశాం. ఈసారి కొత్త కమాండ్లేమీ లేవు. మీలో కొందరు మెంటరు (దారి చూపే అనుభవజ్ఞుడు) ఉన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు, అంటే కోడు ఎవరైనా చూసి మార్చగలిగే ప్రాజెక్టులకు, అప్లై చేస్తున్నారు కదా, ఆ మెంటరు మన దగ్గర్నుంచి ఏం ఎదురుచూస్తాడో, దాన్ని రోజూ ఎలా చెయ్యాలో చెప్పుకుందాం.

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌నే తీసుకోండి. కొత్తవాళ్లు మెంటరు సాయంతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు కోడు రాసే గూగుల్ కార్యక్రమం ఇది, 2005లో మొదలైంది. 2022 నుంచి విద్యార్థే కానక్కర్లేదు, 18 ఏళ్లు నిండి ఓపెన్ సోర్స్‌కి కొత్తయితే చాలు. ప్రాజెక్టులు 90, 175, 350 గంటల సైజుల్లో ఉంటాయి. ఈ గంటల లెక్క దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు. 350 గంటల్ని 12 వారాలకు పంచితే వారానికి 29 గంటలు. ఇంచుమించు ఉద్యోగమే. మన ఒడిశాలో జూన్ మధ్యలో చేసుకునే రజ పండగ, రథయాత్ర కూడా ఆ వారాల్లోనే వస్తాయి, కొందరికి సెమిస్టర్ పరీక్షలూ అప్పుడే. అందుకే ప్రపోజల్‌లోనే (అప్లై చేసేటప్పుడు పంపే పని ప్లాను) తేదీలు వేసి రాసెయ్యండి. "జూన్ మధ్యలో మూడు రోజులు ఊళ్లో పండగ, పనికి రాను" అని ముందే చెబితే మెంటరు ఆ మూడు రోజులూ వదిలేసి ప్లాను వేసుకుంటాడు. చెప్పకుండా మాయమైతే మాత్రం మూడో రోజుకే అనుమానం మొదలవుతుంది.

నా మొదటి వేసవి సంగతి చెప్తాను. మన పర్లాకిమిడిలో మా మేడ గదిలో కూర్చుని తొమ్మిది రోజులు ఒకే ఫైలు మీద పడ్డాను. అంతా బాగా కుదిరాక ఒక్కసారే చూపిద్దాం, శభాష్ అంటారని ఆశ. పదో రోజు పంపాను. అప్పటికి నాలుగు రోజుల కిందటే ఆ ఫైలును ఇంకెవరో మొత్తం మార్చేశారు. నా కోడు దాంట్లో ఎక్కడా అతకలేదు. మెంటరు కోప్పడలేదు, "ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?" అని మాత్రం అడిగాడు. నేను రాత్రీ పగలూ పనిలోనే ఉన్నాను, కానీ ఆ సంగతి మా అమ్మకు తప్ప ఎవరికీ తెలీదు!

సమ్మర్ ఆఫ్ కోడ్‌లో మూల్యాంకనాలు రెండు, మధ్యలో ఒకటి, చివర ఒకటి. మధ్యలోదాంట్లో ఫెయిలైతే అక్కడితో ఇంటికే. మెంటరు మార్కు వేసేది తన కంటికి ఆనినదానికి, అంటే బ్రాంచిలోకి వచ్చిన కమిట్లకి (దాచిన ఒక్కో మార్పుకి), మీరు అడిగిన ప్రశ్నలకి, ఇచ్చిన జవాబులకి. కాబట్టి సగం ఉడికిన కోడైనా సరే, రోజూ పడుకునే ముందు పుష్ చెయ్యండి, అంటే మీ ల్యాప్‌టాప్ నుంచి ఆన్‌లైన్‌లోకి పంపండి. పుల్ రిక్వెస్ట్‌ను (మీ మార్పుల్ని ప్రాజెక్టులో కలపమని అడిగేది) డ్రాఫ్ట్‌గా, అంటే ఇంకా పూర్తికాలేదని గుర్తు పెట్టి, తెరిచి పెట్టండి. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాను ఏం చేసిందో గుర్తుందిగా. కరెంటు పోయినా, ల్యాప్‌టాప్ పోయినా పుష్ చేసిన కోడు ఎక్కడికీ పోదు. ఫోనులో కాస్త సిగ్నల్ దొరగ్గానే "కరెంటు లేదు, ఎప్పుడొస్తుందో తెలీదు" అని ఒక్క ముక్క పంపితే చాలు.

ఇక అసలు విద్య, అడగడం. ఈ రెండు మెసేజీలు చూడండి.

"సర్, కోడు పనిచెయ్యట్లేదు, ప్లీజ్ హెల్ప్."

"తేదీ చదివే ఫంక్షన్ రాసి బ్రాంచిలో పెట్టాను. 05-12ను మే 12గా చదువుతోంది, డిసెంబరు 5 రావాలి. ఫార్మాట్ మార్చి చూశాను, పాత టెస్టు ఒకటి పడిపోయింది. సాయంత్రానికి తేలకపోతే దీన్ని పక్కనబెట్టి తర్వాతి పని మొదలెడతాను."

మొదటిదానికి మెంటరు తిరిగి నాలుగు ప్రశ్నలు వెయ్యాలి. అతను బెర్లిన్‌లో ఉంటే వేసవిలో మనకంటే మూడున్నర గంటలు వెనక, శాన్‌ఫ్రాన్సిస్కోలో అయితే పన్నెండున్నర గంటలు. ప్రశ్నా జవాబూ రెండుసార్లు తిరిగేసరికి రెండు రోజులు గల్లంతు. రెండో మెసేజీకి ఒక్క వాక్యంలో జవాబు దొరుకుతుంది. దొరక్కపోయినా మీ చేతులు ఖాళీగా ఉండవు.

మెంటరు ఒక్కడికే విడిగా మెసేజీ పెట్టి కాకుండా, ప్రాజెక్టువాళ్లందరూ చూసే చాట్ ఛానెల్లోనే అడగండి. మీ మెంటరు నిద్రపోతుంటే ఇంకొకరు చెప్తారు. ఇంగ్లీషు సరిగ్గా రాదని జంకకండి. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మనది. చిన్న వాక్యాలు, తెలిసిన మాటలు, అర్థమైతే చాలు. వ్యాకరణం దిద్దడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు, చాలామంది మెంటర్లు సొంత ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన టైములో మనకు చెప్తున్నవాళ్లే.

చాట్‌బాట్ రాసిచ్చిన కోడు పంపొచ్చా అని కూడా మీలో కొందరు అడిగారు. ప్రాజెక్టు నియమాలు ఒప్పుకుంటే వాడండి. కానీ "ఈ లైను ఎందుకు?" అని మెంటరు అడిగితే జవాబు మీ నోటి నుంచే రావాలి. చెప్పలేని లైను పంపకండి.

ఈ వారం అభ్యాసం: మీరు ఇరుక్కున్న సమస్య ఒకటి తీసుకోండి. ఏం చేశాను, ఏం జరిగింది, ఏం జరగాలి, ఇంకేం చేసి చూశాను, తర్వాత ఏం చేస్తాను. ఈ అయిదూ వచ్చేలా ఆరు లైన్లలో రాసి, ఆ ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని స్నేహితుడికి చదివి వినిపించండి. వాడు ఎక్కడ ఆపి ప్రశ్న వేస్తే అక్కడ తిరగరాయండి. వచ్చే పాఠంలో రివ్యూ కామెంట్లకు ఎలా బదులివ్వాలో చూద్దాం. ఈ ఆరు లైన్లు అప్పటికి సిద్ధంగా ఉంచుకోండి.